తలకొలతల గుట్టు

విగ్గులక్క కొట్లో జుట్టు ఒక వంతు అమ్ముడుపోతే, నోరు మూసుకోవడం మూడు వంతులు అమ్ముడుపోయేది. ఈ మాట ఆమే అనేది, కాస్త గర్వంగానే. జుట్టు ఎవరైనా కుడతారు. కానీ ఎవరి నెత్తిన ఏముందో తెలిసి కూడా, ఆ మనిషి బజార్లో ఎదురైతే నెత్తికేసి చూడకుండా కాళ్ళకేసి చూసి "చెప్పులు బాగున్నాయండీ" అనగలిగేవాళ్ళు ఎంతమంది? ఆమె అలాగే అనేది. విగ్గులక్క ఎవరి చెప్పులు మెచ్చుకుంటే వాళ్ళకి విగ్గున్నట్టే లెక్క అని ఆ ఊళ్ళో ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. జనం అంత అమాయకులు.

ఆమె గోడకి ఆనుకునే టోపీల కొట్టు. అత్తగారి కాలంలో రెండూ ఒకటే గది, ఒక పక్క టోపీలు, ఒక పక్క విగ్గులు. ఆవిడ పోయాక కొడుకులిద్దరూ మధ్యలో గోడ కట్టించుకున్నారు. పెద్దకొడుకు, అంటే విగ్గులక్క మొగుడు, రైలు నడుపుతాడు. ఇంట్లో కంటే పట్టాల మీదే ఎక్కువ ఉంటాడు కనుక విగ్గుల వైపు పెళ్ళానికి వదిలేశాడు. చిన్నకొడుకు టోపీలు కుడతాడు. ఆయన భార్య గల్లా దగ్గర కూర్చుని అమ్ముతుంది. ఊరంతా ఆమెని టోపీలమ్మ అంటారు. పేరు అలా ఉందని జనానికి టోపీలు పెట్టే మనిషి అనుకునేరు, బేరంలో ఆమె నిప్పు. చిక్కల్లా నోటితోనే. ఆమె చెవిన ఒక మాట వేశామంటే ఊరంతా టముకు వేయించినట్టే, పైగా టముకు కూలి మిగిలినట్టు.

కోడళ్ళిద్దరికీ అత్తగారు ఒకే విద్య నేర్పింది. ఏ తలకైనా మూడు కొలతలు. తల చుట్టూ ఒకటి. నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు నుంచి మెడ గుంట దాకా ఒకటి. నడినెత్తి మీదుగా ఈ చెవి నుంచి ఆ చెవికి ఒకటి. "మొహాలు కలుస్తాయి గానీ మూడు కొలతలూ కలవవే" అనేది ఆవిడ. కొత్తలో కోడళ్ళు టేపు పట్టుకుని ఒకరి తల మీద ఒకరు నేర్చుకున్నారు. పనయ్యాక కొలతలు మర్చిపోవడం పెద్దకోడలికి అలవాటు. చిన్నకోడలికి మాత్రం ఒకసారి విన్న కొలత చచ్చినా పోదు. మనుషుల్ని కొలతలతోనే పిలుస్తుంది. "ఏం యాభైయెనిమిదీ, ఒంట్లో కులాసానా?" అంటుంది పోలీసాయన్ని. ఆయన చంటిపిల్లాడిలా నవ్వుతాడు.

ఇంతవరకూ ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ హాయిగానే ఉన్నారు. చిక్కు తెచ్చింది బ్యాంకు. విగ్గు కొనుక్కున్న ఒకాయన కార్డు గీకితే, ఆ మెసేజి సరాసరి ఇంట్లో పెళ్ళాం ఫోనుకి వెళ్ళింది. "విగ్గుల కొట్లో నీకేం పని?" అని ఆవిడ అడిగింది. ఆయన నిజం చెప్పలేక, అబద్ధం కుదరక, ఎవరో నాటకాలామెకి కొనిచ్చానని నోరు జారాడు. ఆ సంసారం కుదుటపడటానికి చాన్నాళ్ళు పట్టింది. అప్పుడు ఓడరేవులో సరుకుల లెక్కలు చూసే విగ్గులక్క పెద్దమ్మాయి సెలవులకి వచ్చి, తల్లి ఫోన్లో క్రిప్టో వాలెట్, అంటే కంప్యూటరు నాణేల డబ్బుసంచీ, పెట్టి వెళ్ళింది.

"అమ్మా, ఇందులో పేర్లుండవు, బ్యాంకుండదు. ఎవరింటికీ మెసేజి పోదు" అంది ఆ పిల్ల. ఆ మాట వినగానే విగ్గులక్కకి పట్టరాని సంతోషం వచ్చింది. ఆ సంతోషంలో తర్వాతి మాటలు కొట్టుకుపోయాయి. తర్వాతి మాటలేమిటంటే, "కానీ లెక్కల పుస్తకం మాత్రం అందరికీ తెరిచే ఉంటుంది. ఒక అడ్రసుకి, అంటే ఖాతా నంబరు లాంటిదానికి, ఎప్పుడు ఎంత వచ్చిందో ప్రపంచంలో ఎవరైనా చూడొచ్చు. అందుకని ప్రతి బేరానికీ కొత్త అడ్రసు ఇవ్వు. ఈ బటన్ నొక్కితే చాలు, ఊరికే వస్తుంది." తల్లి అన్నిటికీ తల ఊపింది. తల ఊపడమంటే విన్నట్టు కాదని కూతురికి తెలియాలి, పెళ్ళీడుకొచ్చిన పిల్ల.

ఆమె చేసిందేమిటి? మొదటి అడ్రసుకి వచ్చిన నల్లగళ్ళ బొమ్మని స్టిక్కరు కొట్టించి, చుట్టూ గులాబీల అంచు వేయించి, అద్దానికి అతికించింది. అంత ముచ్చటైన స్టిక్కరు పెట్టుకుని ప్రతిసారీ బటన్ ఎవడు నొక్కుతాడు? అయితే డబ్బు పంపింది ఎవరో ఎలా తెలుస్తుంది? కొట్లో పేర్లు రాసుకోకూడదన్నది అత్తగారి నాటి నియమం. ఆలోచించి, ఆలోచించి, చివరికి ఒక ఉపాయం పన్నింది. "విగ్గు ధర పంపేటప్పుడు చివరన చిల్లర అంకెలుగా మీ మూడు తలకొలతలూ కలిపి పంపండి" అని అందరికీ చెప్పింది. ఆ క్రిప్టో కాయిన్‌కి దశాంశాలు బోలెడు కనుక చివరి అంకెలకి విలువ గవ్వంత కూడా ఉండదు. విగ్గు మీద కొలతలు ఎలాగూ కుట్టి ఉంటాయి. అంకెలు చూడటం, విగ్గు ఇవ్వడం. ఇంత తెలివి దేవుడు తన ఒక్కదానికే ఎందుకిచ్చాడా అని ఆ రోజు ఆమె నిజంగా ఆశ్చర్యపోయింది.

సంగీతం మాస్టారు ఒక మధ్యాహ్నం తలుపు తోసుకుని వచ్చి, తనే గడియ పెట్టి, తనే తెర లాగాడు. మాస్టారంటే బళ్ళో అందరికీ హడల్. ఆయన చెయ్యెత్తితే నుదుటి మీద ఒత్తైన ముంగురు ఒక్కసారి ఎగిరి పడుతుంది, ఆ ఊపు చూసే పిల్లలు తాళం అందుకుంటారు. ఆ ముంగురు విగ్గులక్క వేళ్ళలోంచి వచ్చిందే. సన్నటి వలకి ఒక్కో వెంట్రుకా ముడివేసి కుట్టింది. ఆమె పనితనానికి అంతకంటే మంచి సాక్ష్యం లేదు, ఎవరికీ చూపించడానికి లేదన్నదొక్కటే ఆమె బాధ.

"చెప్పేశారు కదూ?" అన్నాడు.

"ఏం చెప్పాను మాస్టారూ?"

"నా నెత్తి సంగతి!" అని అరిచి, అరిచింది తన నెత్తి గురించేనని గుర్తొచ్చి గొంతు గుసగుసకి దించాడు. "చలి ముదిరింది కదా అని పక్క కొట్టుకి టోపీ కోసం వెళ్ళాను. మీ తోటికోడలు నా మీదికి వంగి, 'మాస్టారూ, లోపల వెల్వెట్ పట్టీ వేసింది ఇస్తాను, కిందున్నది జారదు' అంది. కిందున్నది అంటే ఏమిటమ్మా? కిందున్నది అంటే ఏమిటి అసలు?"

విగ్గులక్క తల మీద చెయ్యి పెట్టుకుంది. "మాస్టారూ, నా కన్నపిల్ల మీద ఒట్టు. నేను ఎవరితోనూ ఒక్క ముక్క..."

"వచ్చే వారం బళ్ళో పాటల కార్యక్రమం ఉంది. పిల్లలకి తెలిసిందా, నేను చెయ్యెత్తినప్పుడల్లా విగ్గు ఎప్పుడు ఊడుతుందా అని చూస్తారే గానీ ఒక్కడు పాడడు. నేను ఊరొదిలి పోవడమే. పోయేముందు మాత్రం, నేను గుట్టుగా మీ దగ్గరికి పంపినవాళ్ళందరికీ చెప్పి మరీ పోతాను, మీ కొట్లో నోరు ఆగదని."

ఆయన వెళ్ళిపోయాక ఆమె కుర్చీలో కూలబడింది. జుట్టు ఊడిపోయినవాడికి జుట్టు పెట్టొచ్చు. పోయిన నమ్మకాన్ని ఏ వలకి ముడేసి కుడుతుంది? మాస్టారు అన్నంత పనీ చేస్తే కొట్టు మూసుకోవడమే. అంతకంటే కష్టంగా తోచింది ఆ ముసలాయన ఊరొదిలి పోతాననడం.

వెంటనే పక్క కొట్టుకి వెళ్ళింది. టోపీలమ్మ ఒక టోపీకి రిబ్బను కుడుతోంది. ఆమె ఎప్పుడూ ఏదో ఒక టోపీ పెట్టుకునే ఉంటుంది, సరుకుకి అదే ప్రకటన అంటుంది.

"చెల్లీ, మాస్టారితో ఏమన్నావే?"

"మంచి టోపీ చూపించానక్కా. తప్పా?"

"కిందున్నది జారదు అన్నావట."

టోపీలమ్మ మొహం చాటంత అయింది. "నువ్వేం చెప్పలేదులే, నువ్వు చెప్పే మనిషివా! చెప్పింది నీ అద్దం. మొన్న నీ దగ్గర అంచు పట్టీ కొని ఆ గులాబీల స్టిక్కరుకి డబ్బు కొట్టాను చూడు. తర్వాత ఫోన్లో ఊరికే దాని మీద వేలు పెట్టా. నీ కొట్టుకి ఎప్పుడు ఎంతొచ్చిందో చాంతాడంత లెక్కల పట్టీ తెరుచుకుంది."

"అందులో పేర్లుండవు కదే."

"పేర్లెందుకక్కా? యాభైయేడు, ముప్పైయారు, ముప్పైనాలుగు. అది మాస్టారి తల కాక గుమ్మడికాయా? ఆ కింద అరవై, ముప్పైతొమ్మిది..."

"చాలు! చాలు తల్లీ!" విగ్గులక్క రెండు చెవులూ మూసుకుంది, ఆ తల ఎవరిదో తనకి తెలిసి కూడా. "ఇంకెవరికైనా చెప్పావా?"

"ఛ! పేర్లెందుకు చెప్తాను? బేకరీ ఆయనతో, 'మనూళ్ళో ఒత్తుజుట్టు వాళ్ళని నమ్మకండి' అన్నానంతే."

బేకరీకి పొద్దున్నే ఊరంతా వస్తుంది. విగ్గులక్క ఇంటికొచ్చి కూతురికి ఫోన్ చేసింది. తల్లి చెప్పిందంతా విని ఆ పిల్ల ముందు పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. తర్వాత తిట్టింది. కన్నతల్లిని తిట్టే అవకాశం రోజూ రాదు కనుక తీరిగ్గా తిట్టింది.

"పేరు రాయకుండా తల రాశావా అమ్మా? పేరైనా నయం, ఒకే పేరు పదిమందికి ఉంటుంది!"

"పొరపాటైందే. ఇప్పుడు దాన్ని చెరిపెయ్."

"అది చెరగదు. మనం పోయినా ఉంటుంది."

"స్టిక్కరు పీకేస్తే?"

"పీకు, ముందు ఆ పని చెయ్. కానీ పిన్ని చూసింది పిన్ని దగ్గరే ఉంటుంది. ఇక మీదైనా మనిషికో అడ్రసు ఇవ్వు. అంకెల్లో ఏ గుర్తూ పెట్టకు. ఇంకోటి, వేరువేరు అడ్రసులకి వచ్చిందంతా ఒకేసారి కలిపి ఖర్చుపెట్టకు. కలిపావంటే అవన్నీ నీవేనని నువ్వే చెప్పినట్టు. పాయలు విడిగా ఉన్నంతసేపే విడి. ఒక జడలో అల్లావంటే ఆ జడ ఎవరిదో తెలిసిపోతుంది."

జడ మాట చెప్పాక గానీ విగ్గులక్కకి సంగతి బుర్రకెక్కలేదు. ఎక్కినా ఏం లాభం? జరిగిపోయినదానికి మందు లేదు కదా. ఆమె స్టిక్కరు గోటితో గీకి పారేసి, మనసు కుదుటపడక ఒక పాత విగ్గు బాగుచేయడానికి కూర్చుంది. పాపిడి దగ్గర ఒకచోట ముడులు లావుగా బయటికి కనిపిస్తున్నాయి. అలాంటి ముడుల్ని విప్పబోతే వల చిరుగుతుంది. విప్పకుండా వాటి చుట్టూ ఇంకో నలభై ముడులు వేస్తే అవి వాటిల్లో కలిసిపోతాయి. చేతులు ఆ పని చేస్తుండగా, ఆమె ఉన్నట్టుండి సూది ఆపి నవ్వింది. ఎదురుగా అద్దంలో ఆ నవ్వు చూసి తనే కాస్త భయపడింది.

ఊరి చివర పాత గోదాములో నాటకాలవాళ్ళు ఉంటారు. రాజుల విగ్గులూ రాక్షసుల విగ్గులూ వాళ్ళకి ఆమే ఇస్తుంది. వాళ్ళకో పెద్దాయన ఉన్నాడు, యముడి వేషం వేసి వేసి మామూలుగా మాట్లాడినా తీర్పు చెప్పినట్టుంటుంది. విగ్గులక్క ఆయనకి డబ్బున్న సంచీ ఇచ్చి, పని చెప్పింది. ఆ డబ్బు మీ మనుషులు పదిమంది తలా కాస్త తీసుకోవాలి, ఎవరి ఫోన్లోంచి వాళ్ళు తన పాత అడ్రసుకే విగ్గు ధర పంపాలి, చివర్లో తను రాసిచ్చిన అంకెలు వేయాలి. ఎవరి తల గుట్టు కాపాడటానికో మాత్రం అడగకూడదు.

"మోసమా?" అన్నాడు యముడు.

"నా డబ్బు నాకే పంపిస్తే మోసమేమిటండీ?"

"మరి దీనివల్ల ఎవరికి నష్టం?"

"నష్టం కాదు. ఒకావిడకి కాస్త నవ్వులాట."

"అలా అయితే పదిమందికి బదులు ఇరవై మంది పంపిస్తాం" అని ఆయన తీర్పు చెప్పాడు.

ఇక అంకెలు కావాలి. రెండు రోజులు విగ్గులక్క కిటికీ దగ్గర కూర్చుని దారిన పోయే తలల్ని కంటితోనే కొలిచింది. ఆ విద్యలో ఆమెది తిరుగులేని కన్ను. నల్లని ఒత్తుజుట్టున్న మంగలాయన. ఉంగరాల జుట్టు బేకరీ ఆయన. మోకాళ్ళు దాటే జడతో ఉత్తరాలు పంచే అమ్మాయి. పోలీసు యాభైయెనిమిది. ఎవరి జుట్టు వాళ్ళకే నిక్షేపంలా ఉంది. వాళ్ళ మధ్యలో తన మరిదినీ వేసింది, ఆయన జుట్టు పిచికగూడు. ఆఖరికి ఇంకొక్క అంకె మిగిలితే, అల్లరి ఆపుకోలేక టోపీలమ్మ కొలతలే వేసింది. ఆ మూడు కొలతలకి ఆమె కిటికీ దగ్గర కూర్చోనక్కర్లేదు. టేపు పట్టడం నేర్చుకుంది ఆ తల మీదే, ఆమె మర్చిపోని కొలతలు అవొక్కటే.

కూతురు మాత్రం ఫోన్లో కాస్త గొణిగింది. "అబద్ధం కదమ్మా ఇది?"

"అబద్ధమేముందే? నాటకాలవాళ్ళు డబ్బు పంపారు, అది నిజం. చివర్లో అంకెలు వాళ్ళ సరదా. దాన్ని చూసి ఫలానావాడు బోడి అని నేనన్నానా?"

తర్వాత జరిగింది ఊరు ఇంకా చెప్పుకుంటోంది. టోపీలమ్మకి ఆ పట్టీ రోజూ చూడటం అలవాటైంది కదా. ఒక పొద్దున్న చూసేసరికి కొత్త తలలు వరసగా బారులు తీరాయి. ఆమె కళ్ళు తిరిగినంత పనైంది. ఊరంతా బోడే! గబగబా బేకరీకి వెళ్ళి, పేర్లు చెప్పనన్న మనిషి ఒక్కొక్కటే చెప్పేసింది. "మంగలాయనది విగ్గు. జడమ్మాయిది విగ్గు. మాస్టారిది విగ్గు. ఏవండీ, మీదీ విగ్గే!"

బేకరీ ఆయన పిండిచేత్తో జుట్టు పట్టుకుని అందరి ముందూ లాగి చూపించాడు. జుట్టుకి పిండి అంటింది గానీ ఊడలేదు. ఆ వార్త విని మంగలాయన కొట్టు ముందు జనం చేరారు. ఆయన సంబరంగా తల వంచి, "రండి, ఎవరు లాగుతారో లాగండి, ఊడితే జీవితాంతం ఉచిత క్షవరం" అన్నాడు. లాగారు. చిన్నవాళ్ళూ పెద్దవాళ్ళూ లాగారు. సాయంత్రానికి ఆయన మాడు ఎర్రబడింది గానీ ఒక్కరికీ ఉచిత క్షవరం దక్కలేదు. జడమ్మాయి జడ పట్టుకున్నవాడికి చెంప వాచింది.

ఆ మర్నాడు మరిది గోడ అవతలి నుంచి పరుగెత్తుకొచ్చాడు. "వదినా, మా ఆవిడకేమైంది? పొద్దున్నే నా జుట్టు పట్టుకుని ఎడాపెడా లాగుతోంది. ఎందుకే అంటే అంకెలు అబద్ధం చెప్పవంటుంది. రెండు చేతులూ వేసి లాగి, జుట్టు ఊడకపోయేసరికి నేనేదో అన్యాయం చేసినట్టు మూతి ముడుచుకుంది!"

"వాతావరణం మరిదీ" అంది విగ్గులక్క, సూది కంట్లో దారం ఎక్కిస్తూ. ఆయన వెళ్ళాక బల్ల మీద తల పెట్టుకుని కన్నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

మాస్టారి మాట అడుగుతారేమో. బజార్లో ఆయన కనబడగానే, "మాస్టారూ, మీదీ విగ్గేనటగా!" అని బేకరీ ఆయన కేక పెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా మాస్టారే నవ్వాడు. లాగి చూస్తామని ఎవరూ అనలేదు, అప్పటికే ఊళ్ళో వేళ్ళన్నీ నొప్పులు పుట్టి ఉన్నాయి. పాటల రోజున ఆయన చెయ్యెత్తాడు, ముంగురు ఎగిరింది, పిల్లలు కంచుగొంతులు విప్పారు. వెనక వరసలో విగ్గులక్క కూర్చుని పాట వినలేదు, ముంగురే చూసింది. కార్యక్రమం అయ్యాక ఆయన ఆమె పక్కనుంచి వెళ్తూ, కాళ్ళకేసి చూసి, "చెప్పులు బాగున్నాయమ్మా" అన్నాడు.

కథ ఇక్కడితో ఆగితే విగ్గులక్క అంత తెలివైనది లోకంలో లేదని చెప్పుకునేవాళ్ళం. కానీ రెండు రోజుల తర్వాత, భోజనాల వేళ కొట్లన్నీ తలుపులు దించుకున్నాక, టోపీలమ్మ పెరటి తలుపు తట్టింది. గొడవకే వచ్చిందనుకుని విగ్గులక్క నడుం బిగించింది. నాలుగు ఘాటైన జవాబులు సిద్ధంగా కూడా పెట్టుకుంది.

టోపీలమ్మ లోపలికొచ్చి మెల్లగా అడిగింది. "నీకెప్పుడు తెలిసిందక్కా?"

"ఏమిటే తెలిసేది?"

"ఆ అంకెలన్నీ నువ్వే వేయించావని ఇవాళ అర్థమైంది. మంగలాయనది అబద్ధం. బేకరీదీ అబద్ధం. మా ఆయనదీ అబద్ధమే, రెండు చేతులతో లాగి చూశాగా. ఆఖర్న నా కొలతలు వేశావు. అన్నిట్లోకీ..."  మాట పూర్తి చేయకుండా టోపీ తీసింది.

పాపిడి పాపిడిలా లేదు. నడినెత్తి మీద అరచెయ్యంత మేర చర్మం మెరుస్తోంది. దాని చుట్టూ పీచులాంటి నాలుగు పోగులు, వాటినే దువ్వి దువ్వి కప్పాలని చూసిన గుర్తులు.

విగ్గులక్క దాచుకున్న నాలుగు జవాబులూ ఎటు పోయాయో పోయాయి. తనమీద తనకే అసహ్యం వేసింది. ఏళ్ళ తరబడి గోడ పక్కనే ఉంది, అందరి తలలూ కంటితో కొలిచింది, ఈ తల మీద టోపీ ఎందుకుందో ఒక్కనాడూ ఆలోచించలేదు.

"పోయిన చలికాలం నుంచి రాలుతోంది" అంది టోపీలమ్మ. "ఆయనకి కూడా చెప్పలేదు. ఇంట్లో చలి అని గుడ్డ కట్టుకుంటాను. నీ పట్టీ తెరుచుకున్నప్పుడు నాకు ఎంత ఊరట కలిగిందో తెలుసా? ఇంతమంది ఉన్నారా, నేనొక్కదాన్నే కాదా అని రోజూ తెరిచి చూసుకునేదాన్ని. ఆ సంతోషం పట్టలేకే మాస్టారి దగ్గర నోరు జారాను. మా ఆయనది కూడా విగ్గే అయితే బాగుండని లాగానక్కా. అయ్యుంటే నాదీ చెప్పుకునేదాన్ని."

విగ్గులక్క ఆమె రెండు చేతులూ పట్టుకుంది. నాకు ముందే తెలుసు అని ఒక మాట అంటే తన గొప్ప మిగిలేది. అనలేకపోయింది. "నాకేం తెలీదే. నిన్ను ఏడిపిద్దామని ఊరికే వేశాను. చీకట్లో బాణం వేస్తే అది నీకే తగిలింది. తప్పు నాది."

టోపీలమ్మ తల ఎత్తింది. "అంటే... ఎవరికీ తెలీదా?"

"ఎవరికి తెలుస్తుందే? ఆ పట్టీ అంతా పచ్చి అబద్ధమని ఊరంతా జుట్టు లాక్కుని మరీ తేల్చుకుంది. అన్ని అబద్ధాల మధ్య నీ ఒక్కదాన్నీ ఎవడు నమ్ముతాడు?"

టోపీలమ్మ ముక్కు చీదుకుంటూ నవ్వింది. విగ్గులక్క టేపు తీసింది. కొలతలు కంఠతా వచ్చినా మళ్ళీ కొలిచింది, వేళ్ళు ఆ పలచటి చోటికి తగలగానే టోపీలమ్మ ఉలిక్కిపడి, తర్వాత కుదురుగా కూర్చుంది. డబ్బు వద్దంటే వినలేదు. అప్పుడు విగ్గులక్క కూతురు చెప్పిన బటన్ మొదటిసారి నొక్కింది. కొత్త అడ్రసు వచ్చింది. "దీనికి పంపు. చివర ఏ అంకెలూ కలపకు. మళ్ళీ వచ్చినప్పుడు ఇంకోటి ఇస్తాను."

గుమ్మం దగ్గర ఆగి టోపీలమ్మ అడిగింది. "ఎవరికీ చెప్పవు కదూ అక్కా?"

అడుగుతున్నది ఎవరు! ఊరి టముకు! విగ్గులక్క కడుపులో నవ్వు గిలగిల్లాడింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఇంతకంటే మంచి కథ తన చేతికి చిక్కలేదు, చిక్కినదాన్ని చచ్చేదాకా మింగి కూర్చోవాలి. అంత బాధ ఆ వృత్తిలో ఆమె ఎన్నడూ పడలేదు. "చెప్పను" అంది.

అయితే టోపీలమ్మ పెరటిగుండా వెళ్ళడం మరిది చూడనే చూశాడు. ఐదు నిమిషాల్లో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "వదినా, మా ఆవిడ ఇక్కడికెందుకొచ్చింది?"

"నన్ను తిట్టడానికి."

"అదే అనుకున్నా" అన్నాడాయన, పాపం, సిగ్గుపడిపోతూ. "మనసులో పెట్టుకోకు వదినా. దాని నోరు అంత."

విగ్గుకి కొలత చూడాలి, వల సరిచేయాలి, పాపిడి కుదర్చాలి. మనిషి మాటిమాటికీ రాక తప్పదు. గోడ కట్టినప్పటి నుంచీ పనుంటే తప్ప ఒకరి గుమ్మం ఒకరు తొక్కని తోటికోడళ్ళు, వారానికి రెండుసార్లు కలుసుకుంటే ఊరు ఊరుకుంటుందా? దానికీ దారి టోపీలమ్మే కనిపెట్టింది. మర్నాటి నుంచి ఆమె వీధి మధ్యలోంచే అందుకునేది. "నా మొగుడి జుట్టు పీకించిన మహాతల్లీ! ఇవాళ నీ సంగతి తేలుస్తా, తలుపు తియ్!" బేకరీ ఆయన కూడా బయటికొచ్చి చూసేవాడు. తలుపు తెరుచుకునేది, దఢాలున మూసుకునేది, తెర పడేది. ఆ తర్వాత లోపలి నుంచి తిట్లు వీధి చివరిదాకా వినిపించేవి. తోటికోడళ్ళకి పడి చావదని జనం తలలు ఊపి ఎవరి పనికి వాళ్ళు పోయేవారు. ఆపడానికి మాత్రం ఎవరూ లోపలికి రాలేదు. ఆడవాళ్ళ గొడవలో దూరడమెందుకని.

లోపల టోపీలమ్మ టోపీ ఒళ్ళో పెట్టుకుని అద్దం ముందు కూర్చునేది. "దొంగమొహమా! మాయలమారీ!" అని కిటికీ వైపు తిరిగి అరిచి, గొంతు తగ్గించి, "నువ్వూ ఓ మాట అనక్కా, నేనొక్కదాన్నే అరిస్తే అనుమానం వస్తుంది" అనేది.

విగ్గులక్క నోట్లోంచి పిన్నులు ఒక్కొక్కటే తీసి, సన్నటి వలని ఆ నడినెత్తి మీద జాగ్రత్తగా పరిచింది.

"కాస్త నెమ్మదిగా తిట్టవే" అంది. "తల కదులుతోంది."